సబ్బు నురగ రాకపోతే ఫ్లోరైడ్ ఉన్నట్టేనా?

(నల్లగొండలో ఒక కాలనీవాసుల సమావేశంలో విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? అన్నా, ఆ ఫ్యాన్ కాస్త తగ్గించండి, మైకులో గాలే వినిపిస్తోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

నన్ను పిలిచినప్పుడు మీ కమిటీవాళ్లు ఒకటే మాట అడిగారు. "సార్, మా బోరు నీళ్లు బాగోలేవు. సాఫ్ట్‌నర్ పెట్టించుకోవాలా, ఆర్వో పెట్టించుకోవాలా?" సాఫ్ట్‌నర్ అంటే గట్టి నీళ్లను మెత్తబరిచే యంత్రం, ఆర్వో అంటే కరిగిన లవణాలను వడకట్టే యంత్రం. ఏం బాగోలేవని అడిగాను. ఒకాయన ఉప్పగా ఉన్నాయన్నారు. ఒకమ్మ గీజర్ కాయిల్ ఏడాది తిరక్కుండానే పోతోందన్నారు. ఇంకొకాయన "నల్లగొండ కదా సార్, ఫ్లోరైడే" అని తేల్చేశారు. చూశారా, ముగ్గురూ ఒకే బోరు గురించి మాట్లాడుతున్నారు, కానీ చెప్పినవి మూడు వేరువేరు జబ్బులు. మూడింటికీ మందు ఒకటి కాదు. ఈ తేడా తెలియక మన దగ్గర చాలా ఇళ్లలో ముప్పై వేలు, నలభై వేలు పెట్టి తలనొప్పికి కాలికి కట్టు కట్టించుకున్నారు. (నవ్వులు)

ముందు ఈ మూడింటినీ విడదీద్దాం. నీళ్లలో కరిగి ఉన్న లవణాలన్నీ కలిపి లెక్కేస్తే టీడీఎస్. అందులో సోడియం, క్లోరైడ్ ఎక్కువైతే నాలుకకు ఉప్పగా తగులుతుంది. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే కఠిన జలం, మన మాటలో గట్టి నీళ్లు. ఆ గుణమే కాఠిన్యం. అంటే సబ్బు విరిగిపోతుంది, పప్పు ఉడకదు, గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది. ఇక ఫ్లోరైడ్‌కు రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. నాలుక చెప్పదు, సబ్బు చెప్పదు, కన్ను చెప్పదు. ల్యాబ్ ఒక్కటే చెప్తుంది.

ఇక్కడ పెద్దవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. మన ఊళ్లలో మంచినీళ్ల బావి వేరు, ఉప్పునీళ్ల బావి వేరు ఉండేవి కదా. పప్పు మెత్తగా ఉడికితే, సబ్బు బాగా నురగొస్తే, నోటికి తియ్యగా ఉంటే అది మంచినీళ్ల బావి. వంటకు, బట్టలకు ఆ లెక్క సరైనదే. ఫ్లోరైడ్ దగ్గర మాత్రం ఆ లెక్క మనల్ని నిలువునా ముంచింది. ఎందుకంటే కాల్షియానికి, ఫ్లోరైడ్‌కు పొసగదు. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా విడిపోతుంది, నీళ్లలో ఎక్కువ నిలవదు. కాల్షియం తక్కువగా ఉండి, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ హాయిగా కరిగి ఉండిపోతుంది. అంటే నురగ బాగా వచ్చే తియ్యటి నీళ్లలోనే ప్రమాదం దాగి ఉండొచ్చు. ప్రతి బోరూ ఇలాగే ఉంటుందని చెప్పడం లేదు. కాఠిన్యం, ఫ్లోరైడ్ రెండూ కలిసి ఉన్న బోర్లు కూడా మనకున్నాయి. కానీ నురగ రావడం లేదు కాబట్టి ఫ్లోరైడ్ ఉందనడం, నురగ వస్తోంది కాబట్టి లేదనడం, రెండూ తప్పే. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు వంగిపోయిన నడుములు, పసుపు గారలు కట్టిన పళ్లు మీరంతా చూసినవాళ్లే. వాళ్లెవరూ చేదు నీళ్లు తాగి అలా కాలేదు.

భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన హద్దులు చెప్తాను, రాసుకోండి. ఐఎస్ 10500 అంటారు, 2012 నాటిది. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫర్వాలేదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. మొత్తం కాఠిన్యం 200 వరకు మంచిది, గత్యంతరం లేకపోతే 600. టీడీఎస్ 500, అదీ గత్యంతరం లేకపోతే 2000. ఇందులో ఒక సంగతి గమనించండి. ఫ్లోరైడ్‌లో ఒకటికి, ఒకటిన్నరకు మధ్య ఎంత సన్నటి సందో, కాఠిన్యంలో 200కు, 600కు మధ్య అంత పెద్ద మైదానం. ఎందుకంటే కాఠిన్యం ప్రధానంగా ఇంటికి, గిన్నెకు, జేబుకు సంబంధించిన బాధ. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కాఠిన్యానికి ఆరోగ్యపరమైన హద్దేమీ పెట్టలేదు. ఫ్లోరైడ్ ఎముకకు సంబంధించిన బాధ. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు.

అసలు ఈ కాల్షియం నీళ్లలోకి ఎక్కడి నుంచి వస్తుంది? వాన నీళ్లలో అది దాదాపు ఉండదు. వాన నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని కొద్దిగా ఆమ్లంగా మారుతుంది. ఆ నీళ్లు రాయిని కొంచెం కొంచెం కరిగించుకుంటూ కిందికి దిగుతాయి. కృష్ణ ఒడ్డున దామరచర్ల, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు ఉన్నది సున్నపురాయి. అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలు వరసగా ఉన్నది అందుకే. ఆ రాయిలో నీళ్లు నిలిస్తే కాఠిన్యం ఎందుకు రాదు? నల్లగొండ చుట్టూ, అటు మహబూబ్‌నగర్ దాకా ఎక్కువగా గ్రానైటు. దాంట్లో సున్నపురాయి లేకపోయినా, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం శిథిలమై కాల్షియం విడుదలవుతుంది. పొలంలో నాలుగడుగులు తవ్వితే తెల్లటి సున్నపు గడ్డలు బయటపడతాయి చూడండి, అవీ దీని చలవే. ఆ గ్రానైటులోనే ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలూ ఉన్నాయి, అది మన దురదృష్టం. ఇక బోరు ఎంత లోతుకు పోతే నీళ్లు రాయితో అన్నేళ్లు కాపురం చేసినట్టు. రెండొందల అడుగుల్లో నీళ్లు పడ్డ రోజులు పోయి ఎనిమిది వందలు, వెయ్యి అడుగులు దింపుతున్నాం కదా.

సరే, మీ ఇంట్లో నీళ్లు గట్టివని ఎలా పట్టుకుంటారు? ఆడవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పాలు కలపని టీ డికాక్షన్ కాసేపు ఉంచితే పైన మీగడలా సన్నటి తెట్టు కడుతుంది. కందిపప్పు నాలుగు విజిళ్లకు బదులు ఏడెనిమిది తీసుకున్నా పలుకుగానే ఉంటుంది. పప్పు గింజలో పెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. కాల్షియం పోయి దాన్ని పట్టుకుని గట్టిచేస్తుంది, అందుకే ఉడకదు. స్టీలు గిన్నె తుడవకుండా ఆరబెడితే చుక్కలు చుక్కలుగా తెల్లటి మచ్చలు. షవర్‌లో సగం రంధ్రాలు మూసుకుపోయి నీళ్లు గోడ మీదికి చిమ్మడం. తువ్వాలు అట్టలా బిరుసెక్కడం. ఇవన్నీ ఉంటే కాఠిన్యం ఉన్నట్టే.

ఇంకొంచెం పద్ధతిగా చూడాలంటే రెండు ప్లాస్టిక్ సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో సగం వరకు మీ బోరు నీళ్లు, ఇంకోదాంట్లో అంతే ఆర్వో నీళ్లు గానీ వాన నీళ్లు గానీ. బట్టల సబ్బు బిళ్ల గీరి, వేడి నీళ్లలో కరిగించి, రెండింటిలో సమానంగా పది పది చుక్కలు వేసి బాగా ఊపండి. డిటర్జెంట్ పౌడర్ వద్దు, డిటర్జెంట్ బిళ్ల వద్దు, గిన్నెల లిక్విడ్ వద్దు. అవి గట్టి నీళ్లలోనూ నురగ ఇస్తాయి, పరీక్ష చెడిపోతుంది. వాన నీళ్ల సీసాలో నురగ గొంతు దాకా వచ్చి నిలబడుతుంది. బోరు నీళ్ల సీసాలో నీళ్లు పాలలా తెల్లబడి, పైన తెట్టు మాత్రం తేలుతుంది.

ఇప్పుడు అంకె కావాలంటే ఏం చేస్తారో చూపిస్తాను. బాబూ, ఆ స్టాండ్ ఇటు జరుపు. మీ ట్యాంకులోకి రాకముందే, బోరు పైపు దగ్గర పట్టిన నీళ్లు ఇవి. ఇందులో 50 మిల్లీలీటర్లు తీసుకున్నాను. బఫర్ ద్రావణం కొంచెం వేస్తున్నాను. ఘాటు వాసన వచ్చిందా? అమోనియా. ఇప్పుడు ఎరియోక్రోమ్ బ్లాక్ టి అనే ఈ రంగు పొడి చిటికెడు. చూడండి, ఎర్ర ద్రాక్ష రసంలా అయింది. ఈ రంగు వచ్చిందంటేనే కాల్షియం, మెగ్నీషియం ఉన్నాయని. పైన బ్యూరెట్ అనే ఈ కొలత గొట్టంలో ఉన్నది ఈడీటీఏ అనే రసాయనం. అది ఒక్కో చుక్కగా పడుతూ ఆ లోహాలను పట్టుకుంటుంది. తొందరపడొద్దు. ఇరవై దాటింది, ఇంకా ఎర్రగానే ఉంది. ఇరవై నాలుగు. ఊదా రంగు తొంగిచూస్తోంది, ఇక్కడి నుంచి చుక్క చుక్కగా. ఇదిగో, ఈ చుక్కతో నీలం! (చప్పట్లు) చప్పట్లు నాకు కాదు, మీ బోరుకు కొట్టండి. 26 మిల్లీలీటర్లు పట్టింది. తీసుకున్నది 50 మిల్లీలీటర్లే కాబట్టి లీటరు లెక్కకు దీన్ని 20తో హెచ్చిస్తే లీటరుకు 520 మిల్లీగ్రాములు. 180 దాటితేనే చాలా కఠినం అంటారు పుస్తకాల్లో. మీది దానికి దాదాపు మూడింతలు. పొద్దున మీ ఇళ్లకు సరఫరా అయ్యే నల్లా నీళ్లు కూడా చేసి చూశాను, 8 మిల్లీలీటర్లు పట్టింది, అంటే 160.

ఇంకో పని కూడా చేశాను. ఇవే బోరు నీళ్లు నిన్న ఇంట్లో పది నిమిషాలు తెర్లకాచి, చల్లార్చి, వడకట్టి, మళ్లీ లెక్క తీశాను. 210 వచ్చింది. అంటే 520లో 310 కాచితే పోయింది. అది తాత్కాలిక కాఠిన్యం, బైకార్బొనేట్ల వల్ల వచ్చేది. వేడి తగిలితే కార్బన్ డయాక్సైడ్ పోయి కాల్షియం కార్బొనేట్ కింద కూర్చుంటుంది. మిగిలిన 210 సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చే శాశ్వత కాఠిన్యం. ఎంతసేపు కాచినా అది కదలదు. ఒక హెచ్చరిక, కాచితే ఫ్లోరైడ్ కూడా పోదు. నీళ్లు ఆవిరై తగ్గే కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది.

ఈ 310 అంకె ఎందుకు ముఖ్యమో చెప్తాను, ఆ గీజర్ అమ్మ వినాలి. రోజుకు వంద లీటర్లు వేడి చేశారనుకోండి. వంద లీటర్లలో 31 గ్రాములు. నెలకు తొమ్మిది వందల గ్రాములు, అంటే దాదాపు కిలో సున్నం మీ గీజర్ గుండా పోతోంది. అంతా లోపల కూర్చోదు, కొంతే కూర్చుంటుంది. కానీ ఆ కొంత కూర్చునేది సరిగ్గా కాయిల్ మీద, ఎందుకంటే వేడి అక్కడే ఎక్కువ. పొర కట్టిన కాయిల్ వేడిని నీళ్లకు ఇవ్వలేక తనే మాడిపోతుంది. మందు ఏంటంటే, థర్మోస్టాట్ 70లో, 75లో పెట్టొద్దు. 50, 55 చాలు. 60 దాటితే పొర కట్టడం వేగం అందుకుంటుంది. ఏడాదికోసారి మెకానిక్‌తో విప్పించి కడిగించండి, లోపలి మెగ్నీషియం కడ్డీ అరిగిపోయి ఉంటే మార్పించండి. అది తనే అరిగిపోతూ ట్యాంకును తుప్పు నుంచి కాపాడుతుంది.

పొర వదిలించడానికి నిమ్మ ఉప్పు మంచిది. కిరాణా కొట్టులో దొరుకుతుంది. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాలు కలిపి, షవర్ తల విప్పి రాత్రి నానేస్తే పొద్దుటికి రంధ్రాలు తెరుచుకుంటాయి. కెటిల్ కూడా అంతే. బాత్రూం యాసిడ్ మాత్రం నల్లాల మీద, గీజర్‌లో పోయొద్దు, లోహాన్నే తినేస్తుంది. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపులు మూసిన చిన్న బాత్రూంలో ప్రాణాలకే ముప్పు. ఇంకో మాట, మన ఇళ్లలో చాలావరకు తాండూరు బండలు, షాబాద్ బండలు. అవి సున్నపురాళ్లే. నిమ్మ ఉప్పు నీళ్లు వాటి మీద ఒలికితే నునుపు పోయి మచ్చ పడుతుంది. బకెట్‌లో పెట్టి చేసుకోండి.

ఇప్పుడు బట్టల సంగతి. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. కాల్షియం కనిపించగానే దానితో కలిసి తెట్టు అయిపోతుంది. కాల్షియం అంతా అయిపోయాకే నురగ మొదలవుతుంది. మీ నీళ్లకు లెక్క కట్టాను. 20 లీటర్ల బకెట్‌లో ఉన్న కాఠిన్యం మొత్తాన్ని సబ్బుతోనే తీర్చాలంటే 60 గ్రాముల పైచిలుకు సబ్బు తెట్టుగా పోవాలి. ఒక స్నానం సబ్బులో సగం కంటే ఎక్కువ. అదే పని బట్టల సోడా 11 గ్రాములు చేస్తుంది. అందుకే పాతకాలంలో చాకిరేవులో సోడా లేకుండా పని జరిగేది కాదు. సోడా ముందు కలిపి, పావుగంట ఆగి, అడుగున తెల్లటి మడ్డి దిగాక పైన తేట నీళ్లతో ఉతికితే సబ్బు మిగులుతుంది. ఇది తాత్కాలిక, శాశ్వత కాఠిన్యం రెండింటికీ పనిచేస్తుంది. చేతులకు మంట పుడుతుంది, గ్లవ్స్ వేసుకోండి. పట్టుకు, ఉన్నికి వాడొద్దు. తాగే నీళ్లలో అసలే కలపొద్దు.

తలకు కుంకుడుకాయ మన దగ్గర ఊరికే బతకలేదు. కుంకుడు నురగ సబ్బు నురగ లాంటిది కాదు, అందులో ఉండేది సపోనిన్. కాల్షియంతో కలిసి సబ్బులా తెట్టు కట్టదు.

సాఫ్ట్‌నర్‌కు వద్దాం. ఆ నీలం సిలిండర్‌లో ఉండేది రెజిన్ అనే సన్నటి గుళికలు. వాటిని మన జిల్లా కేంద్రం బస్సులో సీట్లనుకోండి. మొదట అన్ని సీట్లలో సోడియం కూర్చుని ఉంటుంది. నీళ్లతో పాటు కాల్షియం ఎక్కి, సోడియాన్ని లేపి తను కూర్చుంటుంది. సీట్లన్నీ నిండాక ఉప్పు నీళ్లు దండిగా పోస్తే సోడియం గుంపుగా ఎక్కి కాల్షియాన్ని దించేస్తుంది. అంతే యంత్రం. అంటే నీళ్లలోంచి ఏదీ తగ్గలేదు, ఒకటి దిగి ఇంకొకటి ఎక్కింది. సాఫ్ట్‌నర్ పెట్టాక టీడీఎస్ మీటర్ పెట్టి "ఏం తగ్గలేదు, మోసం" అని కంపెనీ కుర్రాడితో కొట్లాడినవాళ్లను నేను చూశాను. పాపం, ఆ కుర్రాడికీ ఎందుకో తెలియదు. టీడీఎస్ తగ్గకపోవడం అక్కడ తప్పు కాదు. ఫ్లోరైడ్‌ను కూడా సాఫ్ట్‌నర్ ముట్టుకోదు. ఫ్లోరైడ్ ఆ సీట్లలో కూర్చునే రకమే కాదు.

ప్రతి 100 మిల్లీగ్రాముల కాఠిన్యం తీసినప్పుడు 46 మిల్లీగ్రాముల సోడియం నీళ్లలో చేరుతుంది. మీ 520కి లీటరుకు 240 దాకా. బీపీ ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఆ నీళ్లు తాగకూడదు. పసిపిల్లల పాలకూ వద్దు. కాబట్టి సాఫ్ట్‌నర్ పెట్టుకుంటే గీజర్‌కు, వాషింగ్ మెషీన్‌కు, స్నానానికి పెట్టుకోండి. వంటింటి లైను, మొక్కల లైను వేరుగా ఉంచమని ప్లంబర్‌కు ముందే చెప్పండి. గోడలు పగలగొట్టాక చెప్తే లాభం లేదు. ఉప్పు ఖర్చు కూడా లెక్కేసుకోండి. రోజుకు 500 లీటర్లు మెత్తబరిస్తే 260 గ్రాముల కాఠిన్యం. కాగితం మీద 300 గ్రాముల ఉప్పు చాలు, నిజంగా చేసేటప్పుడు దానికి రెట్టింపు పడుతుంది. నెలకు పద్దెనిమిది కిలోలకు తక్కువ కాదు. అయొడిన్ ప్యాకెట్ ఉప్పు అక్కర్లేదు, శుభ్రమైన దొడ్డు ఉప్పు చాలు. కడిగినప్పుడు వచ్చే ఆ ఉప్పు నీళ్లను మురుగు కాలువకే పంపండి. పెరట్లోకి వదిలారంటే రెండేళ్లలో ఆ నేల చౌడు బారుతుంది.

ఆర్వో గురించి. కాఠిన్యం, ఉప్పు, ఫ్లోరైడ్, మూడింటినీ బాగా తగ్గించేది ఇంట్లో పెట్టుకునే వాటిలో ఆర్వోనే. కానీ అది తాగడానికి, వంటకు మాత్రమే. లీటరు మంచి నీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి పోతాయి. వాటిని బకెట్‌లో పట్టి నేల తుడవడానికి, లెట్రిన్‌లో పోయడానికి వాడండి. పశువులకు పెట్టొద్దు, ఫ్లోరైడ్ ఉంటే అందులో ఇంకా చిక్కబడి ఉంటుంది. కాఠిన్యం 500 దాటిన నీళ్లను నేరుగా పంపితే లోపలి మెంబ్రేన్, అంటే వడపోత పొర, త్వరగా పూడిపోతుంది. అమ్మేవాడు ఈ మాట చెప్పడు, ఎందుకంటే మెంబ్రేన్ అమ్మేదీ వాడే. నల్లా నీళ్ల టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్వోను నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథ తాగునీటి పథకం నీళ్లు నల్లాలో ఇంటికొస్తున్నప్పుడు, శుద్ధి చేసిన ఆ కృష్ణా నీళ్లు వదిలి బోరు నీళ్లకు ఆర్వో తగిలించుకోవడంలో అర్థమేమిటో నాకు తెలియదు. నల్లా రోజు విడిచి రోజు వస్తే డ్రమ్ములో పట్టి మూత పెట్టుకోండి. తాగడానికి, వంటకు ఎన్ని కావాలి, పది పదిహేను లీటర్లు.

ఇప్పుడు మీ ఇంటికి వచ్చే ఆ డెమో కుర్రాళ్ల సంగతి. రెండు గ్లాసులు పెడతారు. ఒకదాంట్లో మీ నీళ్లు, ఇంకోదాంట్లో వాళ్ల ఆర్వో నీళ్లు. కడ్డీలున్న ఒక పరికరం రెండింటిలో ముంచి ప్లగ్గు పెడతారు. అర నిమిషంలో మీ గ్లాసు బురదలా గోధుమ రంగుకు, నలుపుకు తిరుగుతుంది, పైన నురగ తేలుతుంది. వాళ్ల గ్లాసు తేటగా ఉంటుంది. "అమ్మా, ఇదే మీ పిల్లలు తాగుతున్నది" అంటారు. ఇంట్లో అందరికీ టెన్షన్. నిజమేంటంటే ఆ బురద మీ నీళ్లది కాదు, ఆ ఇనుప కడ్డీది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది, కడ్డీ కరిగి తుప్పు అవుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు లేవు, కరెంటు పారదు, కడ్డీ కరగదు. ఈసారి వచ్చినప్పుడు వాళ్ల తేట గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ ప్లగ్గు పెట్టమనండి. (నవ్వులు) పెట్టరు. టీడీఎస్ మీటర్ కూడా అంతే. అది కరెంటు ఎంత పారుతోందో చూసి అంకె వేస్తుంది. ఆ అంకెలో కాల్షియం ఎంతో, ఉప్పు ఎంతో, ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు.

మన ఊరి పేరు మీద ఒక పద్ధతి ఉంది, పిల్లలకు తెలియకపోవచ్చు. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారు చేసిన నల్లగొండ టెక్నిక్. నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, తగినంత పటిక వేసి, మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా కలిపి, గంటకు పైగా తేరనిచ్చి పై నీళ్లు తీసుకోవడం. పటిక నుంచి వచ్చే మెత్తటి తెల్లటి ముద్ద ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందికి దిగుతుంది. కరెంటు అక్కర్లేదు, బకెట్‌లో కూడా చేయొచ్చు. మన ఊరి పేరు విదేశీ పుస్తకాల్లో కనిపించడం ఇలాంటి కారణానికి కావడం నాకెప్పుడూ కాస్త బాధే. ఇది ఎందుకు ఎత్తానంటే, ఈ పద్ధతి ఫ్లోరైడ్‌కు, కాఠిన్యానికి కాదు. పటిక వేస్తే బైకార్బొనేట్ తగ్గి సల్ఫేట్ పెరుగుతుంది. అంటే కాచితే పోయే కాఠిన్యం కాస్తా కాచినా పోనిదిగా మారుతుంది. మోతాదు నీళ్లను పరీక్షించాకే తేల్చాలి. కళ్లతో చూసి వేస్తే అల్యూమినియం మిగిలిపోతుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది, ఎవరూ అమ్మనిది. వాన. మన దగ్గర ఏటా 600 నుంచి 750 మిల్లీమీటర్ల మధ్య పడుతుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద 700 మిల్లీమీటర్లు పడితే 70 వేల లీటర్లు. వృథా పోగా 50 వేలు పట్టినా, కాఠిన్యం లేని, ఫ్లోరైడ్ లేని నీళ్లు. తొలి వాన వదిలేసి, ఇసుక కంకర ఫిల్టర్ గుండా సంపులోకి పట్టుకోండి. మిగిలింది బోరు పక్కన ఇంకుడు గుంతలోకి. ఆ బోరు నీళ్లూ ఏళ్ల మీద కొంత పలచబడతాయి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక మహిళ: ఈ నీళ్లకు జుట్టు ఊడుతోంది సార్.)

అమ్మా, గట్టి నీళ్లకు జుట్టు బిరుసెక్కుతుంది, చిక్కు పడుతుంది, దువ్వితే తెగుతుంది. కుదుళ్ల నుంచి ఊడుతోందంటే మాత్రం రక్తం, థైరాయిడ్ చూపించుకోండి. నీళ్ల మీద నెపం వేసి కూర్చోవద్దు. చివరి రెండు చెంబులు నల్లా నీళ్లు పోసుకోండి, తేడా తెలుస్తుంది.

(ఒకరు: కిడ్నీలో రాళ్లు దీనివల్లే అంటారు.)

చాలామంది అంటారు. నీళ్లలోని కాల్షియం వల్లే రాళ్లు వస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. నీళ్లు తక్కువ తాగడం వల్ల వస్తాయనడానికి ఉంది. మన ఎండలకు నీళ్లు బాగోలేవని తక్కువ తాగేవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ. ఇప్పటికే రాళ్లున్నవాళ్లు డాక్టర్ చెప్పింది వినండి.

(ఒక యువకుడు: పైపుకు అయస్కాంతం బిగిస్తే చాలని ఆన్‌లైన్‌లో ఉంది సార్.)

ఉంటుంది బాబూ. అది బిగించాక ఇదే బ్యూరెట్‌తో చూస్తే మళ్లీ 520 వస్తుంది. కాల్షియం ఎక్కడికీ పోదు. పొర తక్కువ కడుతుందని వాళ్లంటారు, అధ్యయనాల్లో ఒకదానికొకటి పొంతన లేదు. ఆ డబ్బులతో ఏడాదికి సరిపడా నిమ్మ ఉప్పు కొనుక్కో.

(ఇంకొకరు: బోరు నీళ్లు, నల్లా నీళ్లు సంపులో కలిపేస్తున్నాం. మంచిదేనా?)

స్నానానికి మంచిదే. సగం సగం కలిపితే 520, 160 కలిసి 340 అవుతుంది, గీజర్‌కు కొంత ఊరట. తాగడానికి మాత్రం కలపకముందే నల్లా నీళ్లు విడిగా పట్టుకోండి. కలిపారంటే బోరులో ఉన్న ఫ్లోరైడ్‌ను మంచినీళ్లకు అంటించినట్టే.

(కమిటీ సభ్యుడు: ఫ్లోరైడ్ పరీక్ష ఎక్కడ చేయించాలి సార్?)

ఇక్కడే, జిల్లా కేంద్రంలో గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్ ఉంది. ఫ్లోరైడ్, మొత్తం కాఠిన్యం, టీడీఎస్, నైట్రేట్, నాలుగూ అడగండి. సెప్టిక్ ట్యాంకు పక్కన బోరుంటే నైట్రేట్ తప్పనిసరి. నీళ్లు ప్లాస్టిక్ సీసాలోనే పట్టండి, ఫ్లోరైడ్‌కు గాజు సీసా పనికిరాదు. బోరు ఐదు నిమిషాలు వదిలాక, అవే నీళ్లతో సీసాను మూడుసార్లు తొలిచి, గాలి లేకుండా నింపి మూత బిగించండి. ట్యాంకు నల్లా దగ్గర కాదు, బోరు పైపు దగ్గరే. సీసా మీద తేదీ, బోరు లోతు రాయండి. మే నెలలో ఒకసారి, దసరా అయ్యాక ఒకసారి ఇవ్వండి. ఎండాకాలం అంకె, వానల తర్వాత అంకె ఒకటి కాదు. రెండూ చేతికొచ్చాక ఏ మెషీన్ కొనాలో మాట్లాడుకుందాం.